మాత మా ఇంట్లో ఉన్న పది నెలలు

పనగ్‌సాన్, బోహోల్
ఏప్రిల్ 22, 1979

ప్రియమైన తిబా అక్కకి,

ఈస్టర్ అయిన వారానికి కూర్చుని రాస్తున్నాను. నా మోకాలు తప్ప ఇక్కడ అంతా క్షేమం. దెమెత్రియో బావ దగ్గు తగ్గిందా?

నవంబరు తుపానుకి చర్చి పైకప్పు ఎగిరిపోయిందని రాశాను కదా. ఐదు నెలలు మాత విగ్రహం నెత్తిన టార్పాలిన్ కట్టి నెట్టుకొచ్చాం. పోయిన నెల పీఠం వెనక చెక్క మీద వేలు ఆనిస్తే వేలు లోపలికి దిగిపోయింది. అంతా చెదలే. కొత్తగా వచ్చిన ఫాదర్ అన్సెల్మో కుర్రవాడే గాని పట్టుదల ఉన్న మనిషి. చర్చి మొత్తం బాగుచేయించి, వచ్చే ఫిబ్రవరి రెండుకి, మాత పండగ నాడే, తలుపులు తెరవాలని పంతం పట్టారు.

అందాకా దీపాల మాతని ఎక్కడ ఉంచాలని సభ పెట్టారు. మేయరు గారి భార్య తమ ఇంట్లో ఉంచుతామంది, వాళ్ళది పాలరాతి నేల కదా. ఫాదర్ నా వైపు తిరిగి, "అలంకరణ ఎవరిది? ఆమె బట్టల బీరువా తాళం ఎవరి దగ్గరుంది? మాత అక్కడే ఉంటుంది" అన్నారు. నేను ఒక్క మాట అడగలేదక్కా, నీ మీద ఒట్టు. మేయరు భార్య ముఖం చూడాల్సింది.

ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని మన ఇంటిదాకా నడిచొచ్చింది. కుట్టుమిషను వంటింట్లోకి జరిపి, ముందు గదిలో కిటికీ పక్కన ఆమెని నిలబెట్టాను. ఇప్పుడు నవదిన ప్రార్థనలు మన ఇంట్లోనే. పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చుంటారు. పూలు పెట్టడానికి ఇంట్లో గిన్నెలు చాలడం లేదు. నాకు ఊపిరి ఆడటం లేదనుకో, అయినా ఏం చేస్తాం, మన ఇంటి బాధ్యత. ముత్తవ్వ నుంచి నాలుగు తరాలు తలుపు వేసుకుని ఒక్కళ్ళే ఆమెకి బట్టలు కడుతున్నాం. తల, చేతులు తప్ప మిగతాదంతా చెక్క బద్దల చట్రమేనని ఊరందరికీ తెలుసు. చూసినవాళ్ళు మాత్రం లేరు, నేను తప్ప.

అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో.

నీ చెల్లెలు,
బసిలిసా

*

మరమాగ్, బుకిద్నోన్
మే 19, 1979

బసిలిసా,

నీ ఉత్తరం అందింది. బావ దగ్గు అలాగే ఉంది. మొక్కజొన్న ఈసారి ఎలుకల పాలు.

ఊపిరి ఆడటం లేదా? పాపం. మేయరు భార్యకి ఇచ్చేసి ఉంటే హాయిగా ఆడేది కదా. నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు బొమ్మ నీ చేతికొస్తే "నేను అడగలేదు, అదే వచ్చింది" అనేదానివి. ఇప్పుడూ అదే పాట.

ముందు గదిలో కిటికీ పక్కన అంటే నా చాప పరిచే చోటు. ఆ సంగతి రాయడం మర్చిపోయావు. పోనీలే. నేను పడుకున్న చోట మాత నిలబడింది, ఇన్నేళ్ళకి ఆ మూలకి గౌరవం దక్కింది.

ఊరికి ఇంకో సంగతి కూడా గుర్తుచెయ్యి. ఆమె తలమీద ఉన్నది నా జుట్టు. నాకు పదిహేడేళ్ళప్పుడు అమ్మకి జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకున్నది నేను. పిర్రల దాకా ఉండే జడ. అమ్మ కత్తెరతో ఒక్క కోతలో తీసేసి, ఆమెకి అతికించి, నా బోడితలకి రుమాలు కట్టింది. ఆ ఏడాది పండగలో అబ్బాయిలంతా నిన్నే చూశారు. చివరికి ఏమైంది? నీకు తాళం చెవి ఇచ్చింది, నాకు కత్తెర ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ పరాయి కొండల్లో మొక్కజొన్న ఒలుస్తూ నేను అనుకునేది ఒక్కటే, అక్కడ ఆమె తలమీద నేను ఉన్నానని.

అసూయ అనుకుంటావు. అవును, అసూయే. కడుపు మండిపోతోంది. దాచుకోవడానికి నాకు నీ అంత నేర్పు లేదు.

ఆ కుర్ర ఫాదర్‌కి చెప్పు, గోడల జోలికి పోవద్దని. పైకప్పు వేసుకుంటే చాలు. అవ్వ ఏమనేదో గుర్తుందా, సున్నం పూత రాతికి చొక్కా అని.

ప్రిమితివా

*

పనగ్‌సాన్
జూలై 8, 1979

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నా చాపా అదే గదిలో పరిచేవాళ్ళు. సరే, వదిలెయ్.

నీ మాట ఫాదర్‌కి చెప్పేలోపే జరగాల్సింది జరిగిపోయింది. పక్క ఊళ్ళో చర్చికి పాత సున్నం గీకేసి రాయి కనిపించేలా చేశారట, చూడటానికి పురాతనంగా ఉందట. "ఈ మురికి పూత కింద అసలు చర్చి దాక్కుని ఉంది, బయటికి తీద్దాం" అన్నారు. అందరికీ నచ్చింది. మగవాళ్ళు ఉలులు పట్టుకుని సముద్రం వైపు గోడంతా వారం రోజుల్లో గీకేశారు. నిజంగానే బాగుందక్కా, తెల్లటి పగడపు రాయి, ఒక్కో దానిలో గవ్వల అచ్చులు. ఆటుపోటు చూసుకుని మన పెద్దవాళ్ళు సముద్రంలోంచి కోసుకొచ్చిన రాళ్ళు అవి, ఇంటికి ఇన్నని. జనం పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు.

జూన్‌లో వాన మొదలైంది. మూడో రోజుకి రాయి నీళ్ళు తాగేసి లోపలి వైపు కారడం మొదలెట్టింది. ముసలి కాందిదో మావ గోడమీద చెయ్యి రాసి ఫాదర్‌కి చూపించాడు, అరచేతి నిండా పిండి. "నాయనా, ఇది కొండరాయి కాదు, సముద్రంలో పెరిగింది. దీనికి చర్మం ఉండాలి. నువ్వు చర్మం వలిచావు" అన్నాడు. మరుసటి ఆదివారం ప్రసంగంలో తప్పు నాదేనని ఊరి ముందు ఒప్పుకున్నారు. అది మాత్రం మెచ్చుకోవాలి, తప్పు ఒప్పుకోవడం అందరికీ చేతకాదు.

ఇప్పుడు కొండ వైపు వాళ్ళు కొత్త పూతలో కలపడానికి బెల్లపు మడ్డి, గుడ్లు తెస్తున్నారు. సముద్రం వైపు వాళ్ళు గవ్వలు కాల్చి సున్నం చేస్తున్నారు. గుంటలో నానబెట్టిన సున్నం రెండు నెలలైనా ఊరాలట. మా గుడ్లు లేకపోతే గోడే లేదని వాళ్ళు, మా సున్నం లేకపోతే మీ గుడ్లు అట్టేసుకోండని వీళ్ళు. నీకు తెలియని భాగోతమా.

మనిలా నుంచి మిస్ అబ్రెనికా అని ఒకావిడ వచ్చింది. పాత బొమ్మలు, పీఠాలు బాగుచేయడం ఆమె చదువు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ప్యాంటు వేసుకుంటుంది, బీరు తాగుతుంది, మనిషి మంచిదే. మాతకి చెద పట్టిందేమో చూడాలి, బట్టలు తియ్యమంది. నేను కుదరదన్నాను. మూడు రోజులు మెట్ల మీద కూర్చుని బతిమాలింది. "అమ్మా, చెద సంప్రదాయం చూడదు, తినేస్తుంది" అంది. చివరికి ఫాదర్ వచ్చి చెప్పాక తలుపులు మూసి ఆమె ముందు నేనే తీశాను.

చెద పట్టలేదు. జుట్టు కూడా బాగుందట, కడిగితే చాలట. గూగో బెరడు నానబెట్టి నురగ తీసి నేనే కడిగి ఎండలో ఆరబెట్టాను. ఇంకా నల్లగానే ఉందక్కా. మిస్ అబ్రెనికా కొలతలు రాసుకుంది. అంతే, ఇంకేమీ లేదు.

నీ చెల్లెలు,
బసిలిసా

*

మరమాగ్
ఆగస్టు 12, 1979

బసిలిసా,

చివరికి నా జుట్టు కడగడానికి కూడా నీ చేతులే కావాల్సి వచ్చాయి.

ఆ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. బావ వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. లేదు, జుట్టు కడిగారు అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి వెళ్ళిపోయాడు. నాదేమో నెరిసి పిలకంత మిగిలింది. ఆమెది నల్లగా ఉందట. నా తలమీద ఉండి ఉంటే ఈపాటికి రాలిపోయేదే, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఏడ్చాను.

అసలు నన్ను కాల్చింది వేరే. బీరు తాగే మనిలా పిల్ల చూసింది. నేను చూడలేదు. ఆ ఇంట్లో పుట్టి, పెద్దకూతురినై, జడ ఇచ్చి, నేను చూడలేదు. చిన్నప్పుడు అమ్మ తలుపు వేసుకుంటే కన్నంలోంచి తొంగి చూడబోయి దెబ్బలు తిన్నది నేను. నువ్వు బుద్ధిమంతురాలిలా గుమ్మంలో సూదులు పట్టుకుని కూర్చునేదానివి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అందుకని నోరు తెరిచి అడుగుతున్నాను, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. ఫిబ్రవరి రెండున చర్చి తెరిచే రోజు ఆమెకి నన్ను బట్టలు కట్టనివ్వు. ఒక్కసారి. తాళం నీదే, బీరువా నీదే, తర్వాత ఏడాదికి మూడుసార్లు కట్టడమూ నీదే. నాకు యాభై మూడు. బావ ఊపిరితిత్తులు చూస్తే మళ్ళీ ఇల్లు కదలగలనో లేదో తెలియదు. ఊరు చూడాలని కాదు, ఆమె కోసం వస్తాను.

లేదంటావేమో. అంటే ఎందుకో రాయి.

ప్రిమితివా

*

పనగ్‌సాన్
సెప్టెంబరు 16, 1979

అక్కకి,

కుదరదు. తాళం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేది చావుతోనే. ఇది నేను పెట్టిన కట్టు కాదు. నేను బతికుండగా ఇంకొకరు కట్టడమంటే నన్ను పూడ్చినట్టే. ఊరు ఏమనుకుంటుంది? నేను ఏదో తప్పు చేశానని కదూ అనుకుంటుంది?

ఎందుకో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నీకు ఏది తక్కువైందక్కా? దెమెత్రియో బావ ముందు మన ఇంటికి ఎవరి కోసం వచ్చేవాడో నీకు గుర్తుండదు, నాకు గుర్తుంది. నా చేతి కుట్టు చూసి మెచ్చుకునేవాడు. నీ బోడితల మీద జుట్టు మొలిచేసరికి నీవైపు తిరిగాడు. పెళ్ళయింది, ఓడెక్కారు, ఐదుగురు పిల్లలు. నువ్వు వెళ్ళిపోయాక అమ్మ ఏం చేసేదో నీకు తెలుసా? నీ ఉత్తరాలు బియ్యం డబ్బాలో పెట్టి, వంట చేసేటప్పుడల్లా తీసి చూసేది. నేను ఎదురుగా ఉండేదాన్ని. మంచాన పడితే చాకిరీ చేసింది నేను, బెడ్‌పాన్ ఎత్తింది నేను. నన్ను పిలవాల్సి వచ్చినా ముందు "తిబా" అని, తర్వాత నాలుక కరుచుకుని "బసిలిసా" అనేది.

నాకు మిగిలింది ఆమె ఒక్కతే. ఏడాదికి మూడుసార్లు తలుపు వేసుకుని, నన్ను ఇంకొకరి పేరుతో పిలవని ఒక్కరి దగ్గర నేను ఉంటాను. అది కూడా అడుగుతున్నావు.

సముద్రం వైపు గోడకి పూత మొదలైంది. ఈ పార్సిల్‌లో ఊబి దుంపలు పంపుతున్నాను. ఒకటి కింద పడింది, మన ఆచారం ప్రకారం ముద్దు పెట్టుకునే పెట్టాను.

బసిలిసా

*

మరమాగ్
నవంబరు 25, 1979

నా బంగారు చెల్లికి,

రెండు నెలలు నీకు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని తిట్టుకుంటూ నీ ఊబి దుంపలు కూడా కోడలికి ఇచ్చేశాను. నన్ను క్షమించు. ఈ ఉత్తరం వేరు.

మొన్న గురువారం ఎండుచేపలు అమ్మే ఉల్దరికో, మన పెద్దమ్మ కొడుకు, ఈ వైపు వచ్చాడు. వస్తూనే నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "ఏంట్రా ఇంత మర్యాద" అన్నాను. "నీకు తెలియదా అక్కా, చర్చి గుమ్మం పక్కన నీ పేరు ఎక్కింది" అన్నాడు.

చర్చి చరిత్రంతా ఒక పెద్ద చెక్కమీద రాయిస్తున్నారట. ఏ ఏట పునాది వేశారో, ఏ తుపానుకి ఏం కూలిందో, గోడ కట్టిన మేస్త్రీల పేర్లు, చివర్లో మాతకి అలంకరణ చేసిన ఆడవాళ్ళ పేర్లు. పడవల మీద పేర్లు రాసే ఎలియోనే రాస్తున్నాడట. ముత్తవ్వ, అవ్వ, అమ్మ ఫెలికులా, దాని కింద ప్రిమితివా. ఎలియో కుంచె ఆపేసి, "అదేంటి పిన్నీ, మీ పేరు కదా ఉండాలి" అని నిన్ను అడిగాడట. నువ్వు ఫాదర్ ముందు, ఊరి ముందు, "మా అక్కది. అదే రాయి" అన్నావట. నీ పేరు అసలు వద్దన్నావట. ఆడవాళ్ళు ఏడ్చారని చెప్పాడు. ఫాదర్ ప్రసంగంలో కూడా చెప్పారట, మొదటివారు కడపటివారు అవుతారన్న వాక్యం చదివి.

ఒసే పిచ్చిదానా, నేను అడిగింది ఒక్క పూట. నువ్వు ఇచ్చింది ఏమిటే? ముఖం మీద కుదరదని రాసి, వెనకనుంచి ఇంత పని చేస్తావా? ముప్ఫై ఏళ్ళు నీ మీద ఎన్ని అనుకున్నానో. నీకు కాలు నొప్పి అని రాస్తే లోపల సంతోషించిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి అదీ రాసేస్తున్నా.

కానీ బసిలిసా, ఆ చోట నా పేరు ఉందని విని నాకు సంతోషంతో పాటు భయం కూడా వేసింది. నేను దానికి తగను. ఎందుకో ఇప్పుడు రాయలేను. నీ పేరు కూడా పక్కన రాయించు.

బావ నీకు దీవెనలు చెప్పమన్నాడు.

నీ అక్క,
తిబా

*

పనగ్‌సాన్
డిసెంబరు 17, 1979

అక్కా,

నన్ను బంగారు చెల్లి అనకు.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. ఇన్నాళ్ళు నువ్వు తిట్టిన ఏ ఉత్తరమూ నన్ను ఇంత బాధపెట్టలేదు. వీధిలోకి వెళ్తే ముసలమ్మలు నా చెంపలు నిమురుతున్నారు. మేయరు భార్య కూడా కేకు పంపింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా బతుకు, కాకపోతే ఇక్కడ ఎవరూ దొంగ అనడం లేదు, దేవత అంటున్నారు. నీకైనా నిజం చెప్పకపోతే పండగనాడు పాపసంకీర్తనకి మోకరించలేను.

నీ పేరు నేను పెట్టలేదు. అమ్మ పెట్టింది.

మాత నడుము దగ్గర చట్రానికి ఒక వెడల్పు బద్ద ఉంది. దానిమీద కాల్చిన మేకుతో రాసిన పేర్లు ఉన్నాయి. ఎవరు అలంకరణ అప్పగిస్తారో వాళ్ళే తర్వాతి మనిషి పేరు కాల్చి పెడతారు. అమ్మ పేరు అవ్వ చేతిరాతలో ఉంది. దాని కింద అమ్మ చేతిరాతలో ప్రిమితివా అని ఉంది. పక్కన తేదీ, నీ జడ కోసిన రోజుది. ఆ రోజే నీకు ఇచ్చేసింది అక్కా. జడ అతికించిన చేత్తోనే నీ పేరు రాసింది. నీకు పెళ్ళయి స్థిరపడ్డాక చెబుదామనుకుందేమో. నువ్వు ఓడెక్కుతావని అనుకోలేదు.

అమ్మ మంచాన పడ్డాక నన్ను మొదటిసారి లోపలికి పంపింది, ఆ పండగకి నువ్వు కట్టు అని. పావడా తీసేసరికి నీ పేరు కనిపించింది. నాకు ఇరవై మూడేళ్ళు. నేను ఆమె ఎదుట నేలమీద కూర్చుండిపోయాను. బావనీ నువ్వే తీసుకున్నావు, అమ్మనీ నువ్వే తీసుకున్నావు, చివరికి ఇక్కడ కూడా ముందే వచ్చి కూర్చున్నావు. ఆ క్షణంలో నువ్వు చచ్చిపోవాలని కోరుకున్నాను. మాత ఎదుటే కోరుకున్నాను.

తర్వాత అమ్మ అంది, "అక్కకి ఉత్తరం రాయి, వచ్చి తాళం తీసుకోమను." రాస్తానన్నాను. రాయలేదు. వారానికొకసారి అడిగేది, జవాబు వచ్చిందా అని. రాలేదనేదాన్ని. చివరి వారంలో మళ్ళీ అడిగితే, "తిబా రానంటోంది అమ్మా" అన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది. తాళం చెవి నా చేతిలో పెట్టలేదు అక్కా. ఆమె పోయాక దిండు కింద నుంచి నేనే తీసుకున్నాను.

మిస్ అబ్రెనికా ఆ పేర్లు చూసింది, కాగితం మీద రాసుకుంది. "మీ పేరు లేదేమిటి?" అని మెల్లగా అడిగింది. నేను ఇంకా రాయలేదన్నాను. చరిత్ర చెక్క కోసం ఆ కాగితమే ఫాదర్‌కి ఇచ్చి వెళ్ళింది. ఎలియో కుంచె ఆపి నన్ను అడిగినప్పుడు, ఆ చెక్కమీద నా పేరు వేయించుకోవడానికి ఒక్క మాట చాలు. నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. దాన్ని ఊరు త్యాగం అంది.

కాబట్టి నువ్వు ఒక్క పూట అడగక్కర్లేదు. వచ్చి తాళం తీసుకో. ఫాదర్‌కి అంతా చెప్పేస్తాను.

బసిలిసా

*

మరమాగ్
జనవరి 14, 1980

బసిలిసా,

ఫాదర్‌కి ఏమీ చెప్పకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాలని కూర్చున్నాను. రెండు కాగితాలు రాసి చింపేశాను. నువ్వు నా జీవితం దొంగిలించావని రాశాను. మూడో కాగితం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నిలబడిపోయింది. ఎందుకంటే నువ్వు దొంగిలించలేదు. నీ చేతికి అంత పని నేను మిగల్చలేదు.

నువ్వు రాయకపోతే అమ్మ ఊరుకుందనుకున్నావా? అమ్మ సంగతి నీకు తెలియదా? చర్చిలో గంట కొట్టే ముసలి సెగుందో చేత రాయించింది. నువ్వు నీళ్ళకి వెళ్ళిన సమయంలో అయ్యుంటుంది. యాభైలో, ఫిబ్రవరి చివర్లో ఆ ఉత్తరం నాకు అందింది. "ఆమె నీది. వచ్చి తీసుకో. చెల్లెలు సాయంగా ఉంటుంది" అని రాసి ఉంది. బద్ద సంగతి లేదు, పేరు సంగతి లేదు. అంతే.

నేను వెళ్ళలేదు. మూడోవాడు చంకలో ఉన్నాడు, అది నిజమే. బావకి భూమి పట్టా రావాల్సి ఉంది, అదీ నిజమే. కానీ నేను వెళ్ళకపోవడానికి కారణం అవి కావు. ఆ రెండేళ్ళలో నేను ఇంటికి రాసిన ప్రతి ఉత్తరానికీ జవాబు నువ్వే రాసేదానివి, "అమ్మకి నేను జావ పట్టాను, అమ్మ నా ఒళ్ళో నిద్రపోయింది" అని. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు చాకిరీ అంతా అయ్యాక నన్ను పిలుస్తోంది, నీ ఒళ్ళో పడుకున్నాక నాకు బొమ్మ ఇస్తోంది అనుకున్నాను. బతిమాలుతూ ఇంకో ఉత్తరం రాయనీ, అప్పుడు వెళ్తానని కాగితం బియ్యం జాడీ కింద తోశాను. ఒక్క ఉత్తరమైనా ఎక్కువ రాయించుకోవాలని. వారం తిరక్కుండా అమ్మ పోయిందని నీ టెలిగ్రాం వచ్చింది.

అదీ సంగతి. తిబా రానంటోందని నువ్వు చెప్పింది అబద్ధం కాదు. నీకు తెలియదు గాని నిజమే చెప్పావు. అమ్మ గోడవైపు తిరిగింది నా వల్ల.

మరి ముప్ఫై ఏళ్ళు నీకు తాళం, నాకు కత్తెర అని ఎందుకు రాశానంటావా? అమ్మ నీకిచ్చిందని పదిసార్లు రాస్తే అదే నిజమైపోతుందనుకున్నాను. అప్పుడు నేను బాధితురాలిని, వెళ్ళనిదాన్ని కాదు. నీ అసూయ చేతుల్లో ఉంది, నాది నోట్లో ఉంది. తేడా అంతే.

ఆ చెక్కమీద నా పేరు తీయించమనాలి. అనలేకపోతున్నాను. ఉండనీ. దాని కింద నీ పేరు రాయించు, ముప్ఫై ఏళ్ళు అని కూడా రాయించు. బద్దమీద నీ పేరు మాత్రం అమ్మ రాయాల్సింది, అమ్మ లేదు కాబట్టి ఆచారం ప్రకారం ఆ మేకు నేను పట్టుకోవాలి. అందుకు వస్తున్నాను. శుక్రవారం సాయంత్రం ఓడెక్కి, పండగనాడు పొద్దున్నే జగ్నా రేవులో దిగుతాను. వానల వల్ల ఓడ ఆలస్యమైతే నా కోసం ఆగకు. బిషప్‌గారు వస్తారు, తలుపులు తెరవాలి. ఆమెకి నువ్వే కట్టేసెయ్. నిజంగా అంటున్నాను.

తిబా

*

(జగ్నా రేవుకి జీప్నీ డ్రైవరు చేత పంపిన చీటీ)

పనగ్‌సాన్
ఫిబ్రవరి 2, 1980, పొద్దున ఆరున్నర

అక్కా,

ఓడ రెండు గంటలు ఆలస్యమని రేవు నుంచి కబురొచ్చింది. దిగగానే ఈ జీప్నీ ఎక్కు. డ్రైవరు కొర్నేలియో మనవాడే, ఎక్కడా ఆపొద్దని చెప్పాను.

చర్చి చాలా బాగుంది. రెండు గోడలూ పాలలా తెల్లగా ఉన్నాయి. జనం వీధి చివరిదాకా నిలబడి ఉన్నారు. మాతని తీసుకెళ్ళడానికి పల్లకి మెట్ల దగ్గరికి వచ్చేసింది. ఫాదర్ ఇప్పటికి మూడుసార్లు తలుపు కొట్టారు. "బసిలిసమ్మా, బిషప్‌గారు దారిలో ఉన్నారు" అని ఒకసారి, "మీకు ఒంట్లో బాగుందా?" అని ఒకసారి, మూడోసారి కొట్టి మెట్ల మీద కూర్చుండిపోయారు. మేయరు భార్య తన మనిషిని సాయం పంపుతానంది. నేను లోపలి గడియ వేసుకుని కూర్చున్నాను.

ఆమెకి ఇంకా ఏమీ కట్టలేదు. దుప్పటి కప్పి ఉంచాను. పావడా, నీలం గౌను, పై వస్త్రం, సూదులు, వరసగా మంచం మీద పరిచాను. మేకు పొయ్యిలో ఉంది. నువ్వు వచ్చేదాకా ఊరు నిలబడే ఉంటుంది. నిలబడనీ.

అన్నీ నువ్వే కట్టు. నేను సూదులు అందిస్తాను. కిరీటం మాత్రం నేను పెడతాను. అదొక్కటీ ఇవ్వలేను.

బసిలిసా